కప్పును ఎంత గట్టిగా ఆడాలి? క్లబ్బు స్థాయిని బట్టి ఎంపిక

జనవరి రెండో వారం, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. శనివారం కప్పు మ్యాచ్ (ఓడితే ఇంటికే అనే నాకౌట్ పోటీ), మంగళవారం లీగ్ మ్యాచ్ (సీజన్ పొడవునా పాయింట్ల మీద సాగే పోటీ), గాయాల జాబితాలో ఇద్దరు డిఫెండర్లు. మేనేజర్ ఎనిమిది మందిని మార్చి జట్టును దింపుతాడు. కింది డివిజన్ జట్టు చేతిలో ఓడతాడు. తర్వాత విలేకరుల ముందు కూర్చుని, ఇక లీగ్ మీద పూర్తి దృష్టి పెట్టవచ్చని చెబుతాడు. ఆ మాటకు సగం మంది అభిమానులు తలూపుతారు, సగం మంది మండిపడతారు.

ఎవరిది సరైన వాదన అనేది క్లబ్బును బట్టి ఉంటుంది. టైటిల్ కోసం పోరాడే క్లబ్బుకు సరిపోయే సలహా పద్నాలుగో స్థానంలో ఉన్న క్లబ్బుకు సరిపోదు. అందుకే ఇక్కడ ముందు కొలమానాలు చూద్దాం, ఆ తర్వాత ఉన్న దారులు, ఆపైన ఏ రకం క్లబ్బుకు ఏ దారి నప్పుతుందో చూద్దాం. నా మొగ్గు ఎటో దాచను: కప్పును వదులుకోవాల్సిన అవసరం నిజంగా ఉన్న క్లబ్బులు చాలా తక్కువ. వదులుకుంటున్నవి మాత్రం చాలా ఎక్కువ.

## ముందుగా లెక్క చూసుకోవాల్సినవి

మ్యాచ్‌లు ఎన్ని? ‘కప్పు భారం’ అని మాట్లాడేవాళ్లు ఈ లెక్క సాధారణంగా చెప్పరు. ఇంగ్లండ్‌లో రెండు కప్పులున్నాయి: ఎఫ్ఏ కప్, లీగ్ కప్. అక్కడి అగ్ర డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఎఫ్ఏ కప్ గెలవాలంటే ఆడాల్సినవి 6 మ్యాచ్‌లు. ఒకప్పుడు డ్రా అయితే మళ్లీ ఆడాల్సి వచ్చేది, 2024-25 నుంచి ప్రధాన రౌండ్లలో రీప్లేలు తీసేశారు. లీగ్ కప్‌లో ఐరోపా పోటీల్లో ఉన్న క్లబ్బుకు 6, లేని క్లబ్బుకు 7. అందులో సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లు. ఇటలీలో కిందటి సీజన్ మొదటి ఎనిమిది క్లబ్బులు నేరుగా చివరి పదహారులో అడుగుపెడతాయి కాబట్టి కొప్పా ఇటాలియా గెలవడానికి వాటికి 5 మ్యాచ్‌లు చాలు. ఇవన్నీ కప్పు ఎత్తేదాకా వెళ్తేనే. ఎక్కువ క్లబ్బుల ప్రయాణం రెండు మూడు మ్యాచ్‌లతో ముగుస్తుంది. 38 మ్యాచ్‌ల లీగ్ పక్కన ఇది మోయలేని బరువేమీ కాదు.

డబ్బు ఎంత? ఇక్కడ మాత్రం కప్పును తేలిగ్గా చూసేవాళ్ల వాదనలో బలం ఉంది. ఎఫ్ఏ కప్ విజేతకు ఫైనల్ గెలిచినందుకు వచ్చేది సుమారు 20 లక్షల పౌండ్లు. లీగ్ కప్ విజేతకు సుమారు లక్ష పౌండ్లే. ప్రీమియర్ లీగ్ పట్టికలో ఒక్క స్థానం పైకి ఎక్కితే ఇటీవలి సీజన్లలో దాదాపు 30 లక్షల పౌండ్లు అదనంగా వస్తున్నాయి. ఐరోపాలోని అగ్ర క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో మొదటిదైన లీగ్ దశలో అడుగుపెట్టినందుకే ఒక్కో క్లబ్బుకు 1.86 కోట్ల యూరోలు. ఖాతా పుస్తకాలు మాత్రమే చూసే యజమాని కప్పును పక్కన పెట్టమనడంలో ఆశ్చర్యం లేదు.

ఐరోపాకు దారి ఉందా? ఎఫ్ఏ కప్ విజేతకు ఐరోపా రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్‌లో, లీగ్ కప్ విజేతకు మూడో స్థాయి పోటీ కాన్ఫరెన్స్ లీగ్ అర్హత ప్లేఆఫ్‌లో చోటు దక్కుతుంది. 2023-24లో మాంచెస్టర్ యునైటెడ్ లీగ్‌లో 8వ స్థానంలో నిలిచింది. ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక అప్పటిదాకా ఆ క్లబ్బుకు అదే అధ్వాన్నమైన ముగింపు. అయినా ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించి యూరోపా లీగ్‌లోకి వెళ్లింది. అదే గెలుపు వల్ల 7వ స్థానంలో ఉన్న న్యూకాసిల్‌కు ఐరోపా చోటు చేజారింది. ఒకే ఒక్క మధ్యాహ్నపు మ్యాచ్ 38 మ్యాచ్‌ల పట్టికను తిరగరాసింది.

బెంచ్ ఎంత లోతు? పదకొండు మందిలో ఐదుగురిని మార్చినా జట్టు స్థాయి పడిపోకపోతే ఎంపిక సులభం. ఇద్దరిని మార్చగానే మిడ్‌ఫీల్డ్ కుప్పకూలితే మరో రకంగా ఆలోచించాలి.

మరో ట్రోఫీ వచ్చే దారి ఉందా? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే. లీగ్ గెలిచే అవకాశం ఉన్న క్లబ్బులు ఏ దేశంలోనైనా మూడో నాలుగో ఉంటాయి. మిగతా వాళ్లకు బీరువాలో పెట్టుకోదగ్గ వస్తువేదైనా రావాలంటే కప్పు ద్వారానే రావాలి.

మేనేజర్ ఉద్యోగ భద్రతను కూడా కొందరు లెక్కలో వేస్తారు. వేయనక్కర్లేదు. లూయీ వాన్ హాల్ 2016 మే నెలలో మాంచెస్టర్ యునైటెడ్‌కు ఎఫ్ఏ కప్ గెలిపించిన రెండు రోజులకే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆంటోనియో కాంటే 2018లో చెల్సీకి అదే కప్పు అందించి జులైలో ఇంటికి వెళ్లాడు. కప్పు ఎవరి కుర్చీనీ కాపాడదు.

## ఎదురుగా ఉన్న నాలుగు దారులు

| దారి | లీగ్‌పై భారం | ట్రోఫీ అవకాశం | కుర్రాళ్లకు లాభం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| మొదటి రౌండు నుంచీ పూర్తి బలం | ఎక్కువ, కానీ కొన్ని మ్యాచ్‌లే | అత్యధికం | తక్కువ | మధ్యస్థాయి క్లబ్బులు, కింది డివిజన్ క్లబ్బులు |
| రౌండుకో మెట్టు: మొదట మార్పులు, పోనుపోను అసలు జట్టు | మోస్తరు | బాగుంటుంది | మోస్తరు | లోతైన బెంచ్ ఉన్న పెద్ద క్లబ్బులు |
| కుర్రాళ్లకు అప్పగింత | చాలా తక్కువ | తక్కువ, కానీ సున్నా కాదు | అత్యధికం | మంచి అకాడమీ ఉన్నవి, మ్యాచ్‌లు ఒకదానిపై ఒకటి పడినవి |
| అరకొర: పది మార్పులు, ఓడుతుంటే స్టార్లు దిగడం | కనిపించేదానికన్నా ఎక్కువ | తక్కువ | దాదాపు లేదు | ఎవరికీ కాదు |

### పూర్తి బలం

2024-25 సీజన్ ఈ దారికి చక్కని సాక్ష్యం. క్రిస్టల్ ప్యాలెస్ ఎఫ్ఏ కప్‌ను గట్టిగా పట్టుకుంది. 2025 మే 17న వెంబ్లీ మైదానంలో జరిగిన ఫైనల్‌లో ప్యాలెస్ ఆటగాడు ఎబెరెచీ ఎజె 16వ నిమిషంలో గోల్ కొట్టాడు. కాసేపటికి మాంచెస్టర్ సిటీ ఆటగాడు ఒమర్ మర్మూష్ పెనాల్టీని ప్యాలెస్ గోల్‌కీపర్ డీన్ హెండర్సన్ ఆపేశాడు. 1-0తో మాంచెస్టర్ సిటీపై గెలుపు, క్లబ్బు చరిత్రలో మొట్టమొదటి పెద్ద ట్రోఫీ. మరి లీగ్ పాడైందా? 12వ స్థానం, 53 పాయింట్లు. ప్రీమియర్ లీగ్‌లో అప్పటివరకు ఆ క్లబ్బు సాధించిన అత్యధిక పాయింట్లు అవే. రెండూ ఒకే సీజన్‌లో వచ్చాయి.

అదే ఏడాది మార్చిలో న్యూకాసిల్ లీగ్ కప్ ఫైనల్‌లో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించింది. దేశవాళీ ట్రోఫీ కోసం 1955 నుంచి ఎదురుచూస్తున్న క్లబ్బు అది. ఆ సీజన్‌లోనే లీగ్‌లో 5వ స్థానంలో నిలిచి చాంపియన్స్ లీగ్‌కు కూడా అర్హత సాధించింది. విచిత్రమేమిటంటే, అంతకుముందు ఏడాది యునైటెడ్ కప్పు గెలవడం వల్ల ఐరోపాకు వెళ్లలేకపోయిన న్యూకాసిల్‌కు ఆ సీజన్‌లో వారం మధ్య రోజులు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. పోయిన చోటు మరో రకంగా కలిసివచ్చిందన్నమాట.

ఈ దారికి అసలు మూల్యం అలసట కాదు, గాయం. 2023 నవంబరులో జర్మనీ అగ్ర క్లబ్బు బయెర్న్ మ్యూనిక్ మూడో డివిజన్ జట్టు సార్‌బ్రూకెన్‌తో ఆడిన కప్పు మ్యాచ్‌లో బయెర్న్ డిఫెండర్ మథైస్ డి లిఖ్ట్ మొదటి సగంలోనే గాయపడి బయటికి వెళ్లాడు. చివరి క్షణాల్లో గోల్ పడి బయెర్న్ 2-1తో ఓడింది. మ్యాచ్ పోయింది, డిఫెండరూ పోయాడు. పూర్తి బలంతో ఆడమని సలహా ఇచ్చేవాళ్లు ఈ ప్రమాదాన్ని ఒప్పుకుని తీరాలి. అయితే గాయం లీగ్ మ్యాచ్‌లోనూ తగులుతుంది, శిక్షణలోనూ తగులుతుంది. ఆరు మ్యాచ్‌లు మానేస్తే ఆ ముప్పు తగ్గుతుందే తప్ప తొలగిపోదు.

### రౌండుకో మెట్టు

పెద్ద క్లబ్బులు ఎక్కువగా పట్టే దారి ఇది. తొలి రౌండ్లలో రెండో గోల్‌కీపర్, నలుగురైదుగురు బెంచ్ ఆటగాళ్లు, ఇద్దరు కుర్రాళ్లు. క్వార్టర్ ఫైనల్ వచ్చేసరికి ముగ్గురు నలుగురు మార్పులు. సెమీఫైనల్ నుంచి అసలు జట్టు. పెప్ గార్డియోలా ఆధ్వర్యంలో మాంచెస్టర్ సిటీ 2018 నుంచి 2021 వరకు వరుసగా నాలుగుసార్లు లీగ్ కప్ గెలిచింది. ఆ నాలుగు సీజన్లలో మూడింటిలో లీగ్ కూడా వాళ్లదే. 2018-19లో అయితే దేశవాళీ ట్రోఫీలు మూడూ తీసుకుని, ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో వాట్‌ఫర్డ్‌ను 6-0తో చిత్తుచేసింది. కప్పు గెలిస్తే లీగ్ పోతుందన్న వాదన ఈ లెక్కల ముందు నిలవదు.

గోల్‌కీపర్ విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ దారిలో కుదిరే మంచి బేరం అదే. రెండో గోల్‌కీపర్‌కు లీగ్‌లో ఆడే అవకాశం దాదాపు ఉండదు. కప్పు మొత్తం అతనికే అప్పగిస్తే అతను క్లబ్బులో ఉండడానికి ఒక కారణం దొరుకుతుంది, మొదటి గోల్‌కీపర్‌కు విశ్రాంతి దొరుకుతుంది. అయితే మాట ఇస్తే ఫైనల్‌లో కూడా నిలబెట్టుకోవాలి. 2022 లీగ్ కప్ ఫైనల్‌లో లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లాప్ తన మొదటి గోల్‌కీపర్ అలిసన్‌ను కాదని ఆ కప్పులో ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన కీవీన్ కెలెహర్‌నే నిలబెట్టాడు. 120 నిమిషాలు ఆడినా గోల్స్ లేవు. షూటౌట్‌కు ముందు ప్రత్యర్థి చెల్సీ మాత్రం తన గోల్‌కీపర్ మెండీని తీసేసి పెనాల్టీల కోసమే కేపాను దింపింది. ఇరుజట్లలో మైదానపు ఆటగాళ్లంతా తమ తమ కిక్‌లు గోల్‌గా మలిచారు. ఇక మిగిలింది గోల్‌కీపర్లే. కెలెహర్ వచ్చి నిబ్బరంగా వలలోకి కొట్టాడు. కేపా కొట్టిన బంతి క్రాస్‌బార్ పైనుంచి వెళ్లిపోయింది. 11-10. అప్పటికప్పుడు దింపిన నిపుణుడు ఓడాడు, మొదటి రౌండు నుంచి నమ్ముకున్నవాడు గెలిపించాడు.

ఆ సీజన్‌లో లివర్‌పూల్ రెండు దేశవాళీ కప్పులూ గెలిచింది. ఆడటానికి వీలున్న 63 మ్యాచ్‌లూ ఆడింది. లీగ్‌ను ఒక్క పాయింటు తేడాతో, చాంపియన్స్ లీగ్‌ను ఫైనల్‌లో పోగొట్టుకుంది. కప్పుల అలసట వల్లే లీగ్ పోయిందనేవాళ్లు ఉన్నారు. ఒక్క పాయింటుకు కారణం ఏదని చెప్పినా నమ్మేయవచ్చు, కాబట్టి ఆ వాదన నాకు అంతగా రుచించదు. అయినా నాలుగు వైపులా పోరాడే క్లబ్బుకు ఈ ప్రశ్న ఎప్పుడూ ఉంటుందన్నది నిజం.

### కుర్రాళ్లకు అప్పగింత

దీన్ని అగౌరవం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆర్సెన్ వెంగర్ ఆర్సెనల్‌లో లీగ్ కప్‌ను ఏళ్ల తరబడి కుర్రాళ్ల బడిగా వాడుకున్నాడు. సెస్క్ ఫాబ్రెగాస్ 2003లో రాథరమ్‌పై లీగ్ కప్ మ్యాచ్‌తోనే మొదటిసారి మైదానంలోకి వచ్చాడు, అప్పటికి అతనికి పదహారేళ్లు. 2007లో ఆ కుర్ర జట్టు ఫైనల్ దాకా వెళ్లి చెల్సీ చేతిలో 2-1తో ఓడింది. గమనించండి, ఇదే వెంగర్ ఎఫ్ఏ కప్‌ను మాత్రం ఏడుసార్లు గెలిచాడు. ఒక కప్పును బడిగా, మరో కప్పును లక్ష్యంగా చూశాడు. ఏది దేనికో ముందే తేల్చుకున్నాడు.

అసలు తప్పనిసరి పరిస్థితి కూడా ఉంటుంది. 2019 డిసెంబరు 17న లివర్‌పూల్‌కు ఆస్టన్ విల్లాతో లీగ్ కప్ క్వార్టర్ ఫైనల్. మరుసటి రోజే ఖతార్‌లో క్లబ్ ప్రపంచ కప్ సెమీఫైనల్. అసలు జట్టు ఖతార్‌లో ఉంది, కుర్రాళ్లు బర్మింగ్‌హామ్‌లో ఆడి 5-0తో ఓడారు. ఆ సీజన్‌లో క్లబ్ ప్రపంచ కప్, ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ రెండూ వచ్చాయి. ఎవరూ లీగ్ కప్ గురించి బాధపడలేదు.

ఈ దారిలో పెట్టిన పెట్టుబడి తర్వాతెప్పుడో తిరిగొస్తుంది. 2024 లీగ్ కప్ ఫైనల్‌లో గాయాల వల్ల సగం జట్టు లేని లివర్‌పూల్, అదనపు సమయంలో జేమ్స్ మెకానెల్, జేడెన్ డాన్స్, బాబీ క్లార్క్ లాంటి అకాడమీ కుర్రాళ్లతో చెల్సీపై నిలబడింది. 118వ నిమిషంలో వర్జిల్ వాన్ డైక్ తలతో కొట్టిన గోల్‌తో గెలిచింది. అలాంటి రోజు కుర్రాళ్లు బెదరకుండా ఉండాలంటే పెద్ద మ్యాచ్‌లు వాళ్లకు ముందే అలవాటై ఉండాలి.

### అరకొర

పది మార్పులతో జట్టు దిగుతుంది. వాళ్లు కలిసి ఒక్క మ్యాచ్ కూడా ఆడి ఉండరు. 60వ నిమిషానికి 1-0తో వెనకబడతారు. మేనేజర్‌కు కంగారు పుడుతుంది. విశ్రాంతి ఇవ్వాలనుకున్న ముగ్గురు స్టార్లూ ఒకేసారి దిగుతారు. మ్యాచ్ సమమై అదనపు సమయానికి వెళ్తే స్టార్లు గంటసేపు పరుగెత్తుతారు, ఆపైన పెనాల్టీల్లో ఓటమి. విశ్రాంతీ లేదు, కప్పూ లేదు, కుర్రాళ్లకు మిగిలింది ‘మనల్ని నమ్మలేదు’ అన్న భావన. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

2025 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ నాలుగో డివిజన్ జట్టు గ్రిమ్స్‌బీ టౌన్ మైదానంలో లీగ్ కప్ మ్యాచ్ ఆడింది. మొదటి సగంలోనే 2-0తో వెనకబడి, బెంచ్ మీది పెద్ద ఆటగాళ్లను దింపి 2-2 చేసి, షూటౌట్‌లో 12-11తో ఓడింది. ఐరోపా పోటీలే లేని సీజన్ అది. ఎవరి కోసం, దేని కోసం బలం దాచుకున్నట్టు?

కుర్రాళ్లతో ఆడి ఓడితే అదొక నిర్ణయం. పూర్తి జట్టుతో ఓడితే అది ఆట. అరకొరగా ఓడితే అది నిర్ణయమూ కాదు, ఆటా కాదు. ఈ నాలుగు దారుల్లో నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే.

## మీ క్లబ్బు ఏ రకం?

టైటిల్ రేసులో ఉన్న క్లబ్బు. రౌండుకో మెట్టు. కింది డివిజన్ జట్టు చేతిలో ఓడినా ప్రపంచం మునిగిపోదు: 2025 ఫిబ్రవరిలో రెండో డివిజన్‌లో అట్టడుగున ఉన్న ప్లైమౌత్ చేతిలో 1-0తో ఓడిన లివర్‌పూలే ఆ ఏడాది లీగ్ చాంపియన్. మీకు కప్పు అదనం. అదనం కాబట్టే వదులుకున్నా నష్టం తక్కువ. అలాగని ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఒక ట్రోఫీ చేతిలో ఉండటం జట్టుకు మంచి ఊపు ఇస్తుందన్నది సిటీ అనుభవంలో కనిపిస్తుంది.

ఏడు నుంచి పద్నాలుగో స్థానం మధ్య ఉన్న క్లబ్బు. పూర్తి బలం, మొదటి రౌండు నుంచే. ఇక్కడ నాకు అనుమానమే లేదు. మీరు లీగ్ గెలవరు. కిందికి జారే ప్రమాదం కూడా పెద్దగా లేదు. పదకొండో స్థానానికి, తొమ్మిదో స్థానానికి మధ్య ఉన్న తేడా యజమాని ఖాతాలో కనిపిస్తుంది, అభిమాని జ్ఞాపకంలో కనిపించదు. అథ్లెటిక్ బిల్బావో 2024లో మయోర్కాపై పెనాల్టీల్లో గెలిచి నలభై ఏళ్ల తర్వాత స్పెయిన్ కప్పు కోపా దెల్ రే అందుకుంది. ఆటగాళ్లు ‘గబర్రా’ అనే పాత పడవ ఎక్కి నెర్వియోన్ నదిలో ఊరేగుతుంటే ఒడ్డు రెండు వైపులా ఊరు ఊరంతా నిలబడింది. 1984 తర్వాత ఆ పడవ మళ్లీ అలా కదిలింది అప్పుడే. బొలోన్యా 2025లో ఏసీ మిలాన్‌ను 1-0తో ఓడించి 51 ఏళ్ల తర్వాత కొప్పా ఇటాలియా గెలిచింది. ఇలాంటి క్లబ్బులు జనవరిలో ఎనిమిది మార్పులు చేసి ఓడితే, ఆ విశ్రాంతితో లీగ్‌లో సాధించేది ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

కిందికి జారే ప్రమాదంలో ఉన్న క్లబ్బు. నిజంగా తల పట్టుకోవాల్సింది వీళ్లే. వీళ్లను భయపెట్టే పేర్లు మూడు. బర్మింగ్‌హామ్ సిటీ 2011 ఫిబ్రవరిలో ఆర్సెనల్‌ను 2-1తో ఓడించి లీగ్ కప్ గెలిచింది, మే నెలలో చివరి రోజున కింది డివిజన్‌కు జారింది. మిడిల్స్‌బరో 1996-97లో రెండు కప్పుల ఫైనల్స్‌కూ వెళ్లి రెండూ ఓడి, లీగ్‌లోనూ జారింది. ఇక విగాన్ సంగతి కింద వివరంగా చెబుతాను.

కానీ మిడిల్స్‌బరో కథను దగ్గరగా చూడండి. బ్లాక్‌బర్న్‌తో మ్యాచ్‌కు జట్టును పంపలేదని ఆ క్లబ్బుకు 3 పాయింట్లు కోత పెట్టారు. ఆ కోత లేకపోతే ఒడ్డున పడేదే. కప్పులు కాదు, ఆ శిక్ష ముంచింది. మరోవైపు 2019-20లో ఆస్టన్ విల్లా లీగ్ కప్ ఫైనల్ దాకా వెళ్లి సిటీ చేతిలో ఓడింది, లీగ్‌లో చివరి రోజున ఒక్క పాయింటు తేడాతో 17వ స్థానంలో, అంటే కిందికి జారకుండా మిగిలే ఆఖరి స్థానంలో నిలిచి బతికిపోయింది. కప్పులో ముందుకు వెళ్లిన క్లబ్బులు జారినవీ ఉన్నాయి, నిలిచినవీ ఉన్నాయి.

కాబట్టి ఇలాంటి క్లబ్బుకు నా సలహా షరతులతో కూడినది. జట్టు మొత్తంలో కనీసం పదహారు పదిహేడు మంది నమ్మదగినవాళ్లు ఉంటే రౌండుకో మెట్టు. అంతమంది లేకపోతే, ముఖ్యంగా స్ట్రైకర్ ఒక్కడే ఉంటే, నిస్సంకోచంగా కుర్రాళ్లను దింపండి, అదే సంగతి అభిమానులకు ముందే చెప్పండి. క్వార్టర్ ఫైనల్ దాటితే మాత్రం లెక్క మారుతుంది. ఫైనల్ ఒక్క మెట్టు దూరంలో ఉండగా పద్దెనిమిదో స్థానం గురించి ఆలోచించమని ఆటగాళ్లకు చెప్పినా వాళ్లు వినరు.

కింది డివిజన్ క్లబ్బు. ఆడండి, ఉన్నదంతా పెట్టి ఆడండి. మీకు కప్పు డబ్బులో కూడా లాభమే. పెద్ద క్లబ్బు మైదానంలో ఒక్క మ్యాచ్ పడితే టిక్కెట్ల ఆదాయంలో వాటా, టీవీ డబ్బు కలిసి ఒక సీజన్ గట్టెక్కిస్తాయి. ఎక్సెటర్ సిటీ అప్పుల్లో మునిగి ఉన్న రోజుల్లో, 2005 జనవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో 0-0గా ముగించింది. ఆ మ్యాచ్, దాని రీప్లే తెచ్చిన డబ్బు క్లబ్బు నిలదొక్కుకోవడానికి ఎంతో ఉపయోగపడింది. రీప్లేలు తీసేయడంపై చిన్న క్లబ్బులు అంతగా మండిపడటానికి కారణం ఇలాంటి అనుభవాలే.

లీగ్ పాడవుతుందన్న భయం ఈ స్థాయిలో మరీ తక్కువ. బ్రాడ్‌ఫర్డ్ సిటీ 2012-13లో నాలుగో డివిజన్ నుంచి లీగ్ కప్ ఫైనల్‌కు వెళ్లి స్వాన్సీ చేతిలో 5-0తో చిత్తుగా ఓడింది. అదే సీజన్‌లో ప్లేఆఫ్ గెలిచి పై డివిజన్‌కు ఎక్కింది. లింకన్ సిటీ 2016-17లో ఐదో డివిజన్‌లో ఉంటూ ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్‌కు చేరింది, తన లీగ్ కూడా గెలిచింది. జర్మనీలో మూడో డివిజన్ జట్టు అర్మీనియా బీలెఫెల్డ్ 2025లో లెవర్‌కూసెన్‌ను సైతం ఓడించి కప్పు ఫైనల్‌కు వెళ్లింది. ఆ వసంతంలోనే పై డివిజన్‌కూ ఎక్కింది.

## రెండు కప్పులు ఉంటే ఏది?

ఇంగ్లండ్‌లో ఉన్న చిక్కు ఇది. ఫ్రాన్స్ తన లీగ్ కప్‌ను 2020 తర్వాత ఎత్తేసి చిక్కు వదిలించుకుంది. రెండూ గట్టిగా ఆడే బలం లేకపోతే ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

సంప్రదాయం ప్రకారం సమాధానం ఎఫ్ఏ కప్. 1871-72లో మొదలైన పోటీ, ప్రపంచంలోనే పాతది. యూరోపా లీగ్ చోటు, ఎక్కువ ప్రైజ్ మనీ దానివే. ఐరోపాలో ఆడని మధ్యస్థాయి క్లబ్బుకు మాత్రం నా ఓటు లీగ్ కప్‌కు. పెద్ద క్లబ్బులు మార్పులు చేసేది అందులోనే ఎక్కువ. పైగా మొదటి రౌండ్లు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, ఆటగాళ్లు ఇంకా తాజాగా ఉన్నప్పుడు జరుగుతాయి. సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లు కావడం ఒక్కటే అడ్డంకి. ఎందుకంటే రెండు మ్యాచ్‌ల పోరులో చివరికి బలమైన జట్టుదే పైచేయి అవుతుంది.

పోటీ నిర్మాణం చూడకుండా ఏ దేశపు కప్పు గురించీ మాట్లాడకూడదు. జర్మనీలో మొదటి రౌండు నుంచి ఫైనల్ వరకు అంతా ఒకే మ్యాచ్, చిన్న జట్టు మైదానంలో మొదలవుతుంది, అందుకే అక్కడ సంచలనాలు తరచూ పుడతాయి. స్పెయిన్‌లో 2019-20 నుంచి సెమీఫైనల్ తప్ప మిగతా రౌండ్లన్నీ ఒకే మ్యాచ్ చేశారు. పైగా ఫైనల్‌కు చేరిన ఇద్దరికీ సౌదీ అరేబియాలో జరిగే సూపర్ కప్‌లో చోటు, దానితోపాటు మంచి డబ్బు. అక్కడి మధ్యస్థాయి క్లబ్బుకు కప్పును తేలిగ్గా తీసుకునే కారణం ఇంకా తగ్గింది.

ఐరోపా చోటు కోసమే కప్పు ఆడేవాళ్లకు ఒక హెచ్చరిక. నిబంధనల పుస్తకం ముందే చదవండి. కప్పు గెలిచిన క్రిస్టల్ ప్యాలెస్‌ను, ఒకే యజమానికి రెండు క్లబ్బుల్లో వాటాలున్న కారణంగా ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ, యూరోపా లీగ్ నుంచి కాన్ఫరెన్స్ లీగ్‌కు దింపింది. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కూడా ఆ నిర్ణయాన్నే సమర్థించింది. మైదానంలో గెలిచింది కార్యాలయంలో పోయింది.

## విగాన్ ప్రశ్న

చివరికి ప్రతి వాదనా ఇక్కడికే వస్తుంది. 2013 మే 11, ఎఫ్ఏ కప్ ఫైనల్. విగాన్ అథ్లెటిక్ ఎదుట మాంచెస్టర్ సిటీ. 90 నిమిషాలకు గోల్ లేదు. అంతకుముందు నవంబరులో కాలు విరిగి, కోలుకుని వచ్చిన బెన్ వాట్సన్ 81వ నిమిషంలో బెంచ్ నుంచి దిగాడు. 91వ నిమిషంలో షాన్ మలోనీ కార్నర్ కొట్టగా, వాట్సన్ దగ్గరి పోస్టు వద్ద ఎగిరి తలతో వెనక్కి మళ్లించాడు. 1-0. రెండు రోజులకు సిటీ మేనేజర్ రాబెర్టో మాంచీనీ ఉద్యోగం ఊడింది. మూడు రోజులకు విగాన్ ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి, ఎనిమిదేళ్ల ప్రీమియర్ లీగ్ బతుకు ముగించుకుంది. మళ్లీ ఇప్పటిదాకా అక్కడికి రాలేదు.

ఆ కప్పుకు బదులు 17వ స్థానం తీసుకుంటారా అని అడిగితే, క్లబ్బు జీతాలు ఇచ్చేవాళ్లు తీసుకుంటామంటారు. నేను తీసుకోను. వరుసగా 17వ స్థానంలో నిలిచే క్లబ్బు ఏదో ఒక ఏడాది ఎలాగూ జారుతుంది. అప్పుడు కప్పూ ఉండదు. కాకపోతే ఈ మాట అనగలిగేది క్లబ్బు ఆర్థికంగా ఆ పతనాన్ని తట్టుకునే స్థితిలో ఉన్నప్పుడే. పోర్ట్స్‌మౌత్ 2008లో ఎఫ్ఏ కప్ గెలిచింది. 2010లో మళ్లీ ఫైనల్‌కు చేరింది, ఆ సీజన్‌లోనే దివాలా రక్షణలోకి వెళ్లి, ప్రీమియర్ లీగ్ నుంచి జారింది. 2013కల్లా నాలుగో డివిజన్‌కు పడిపోయింది. దాన్ని ముంచింది కప్పు మ్యాచ్‌లు కాదు, రాబడికి మించిన జీతాలు. కప్పును ఎంత గట్టిగా ఆడాలో తేల్చుకునే క్లబ్బు, ఆటగాళ్ల ఒప్పందాల్లో కింది డివిజన్‌కు జారితే జీతం తగ్గే షరతు ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఆ షరతు ఉంటే, ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఎఫ్ఏ కప్‌లో అడుగుపెట్టే మూడో రౌండుకే అసలు జట్టును దింపండి.